మూడు సమాన భాగాలు

డబ్ల్యూఆర్ఎస్ కాలనీ తెలుగు చర్చిలో ప్రేమ విందు జరిగితే కూర గరిటె ఎలీషా చేతిలోనే ఉండాలి. పాస్టరుగారికైనా, ఆలస్యంగా వచ్చినవాడికైనా ముక్కలు సమానంగానే పడతాయి. భార్య సుశీలకైనా ఒకటి ఎక్కువ వెయ్యడు. రైల్వే వ్యాగన్ల రిపేరు షాపులో ఫిట్టరు. ఇంటికొస్తే కంప్యూటరు పిచ్చి.

ఆ పిచ్చిలో హార్డ్ డిస్కును కూడా మూడు సమాన భాగాలు చేశాడు. ఒకదాంట్లో లినక్స్, ఒకదాంట్లో భార్య పాడిన పాటలు. మూడోది ఖాళీ. అందులో ఫ్రీబీఎస్‌డీ అనే ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్ వేసి, కంప్యూటరు ఆన్ చేసినప్పుడల్లా రెండు సిస్టమ్‌లలో ఏది కావాలో ఎంచుకోవాలని సరదా. ఎవరడిగారయ్యా అంటే, ఎవరూ అడగలేదు.

సుశీల ఆసుపత్రిలో నర్సు. థైరాయిడ్ ఆపరేషన్ తర్వాత గొంతు పోయి గుసగుస మిగిలింది. అంతకుముందు చర్చిలో పాడినవాటి క్యాసెట్లు పాడైపోతుంటే ఎలీషాయే కంప్యూటర్లోకి ఎక్కించాడు. డ్యూటీ నుంచి వచ్చాక ఆవిడ రోజూ ఒక పాట పెట్టించుకుని, దానితోపాటు పెదాలు కదిపేది. ఆ క్యాసెట్లు తర్వాత పూర్తిగా పోయినా, ఇంకో కాపీ తీసిపెట్టాలన్న బుద్ధి మాత్రం ఈ మహానుభావుడికి పుట్టలేదు.

ఫ్రీబీఎస్‌డీ వేసేటప్పుడు భాగాలు వేరే పేర్లతో కనిపించాయి. పోల్చుకోవడానికి సైజులు చూశాడు. మూడూ సమానం. ఇదే ఖాళీది అనుకుని ఒకటి ఎంచుకుని, చెరిపెయ్యమన్నాడు.

వరుస మళ్లీ లెక్కపెట్టుకుంటే, చెరిగింది మూడోది కాదు, పాటలున్న రెండోదని అర్థమైంది. ఏమీ అనిపించలేదు. తెర మీద తర్వాతి ప్రశ్న వచ్చింది, ఎంటర్ నొక్కాడు. ఇంకోటి వచ్చింది, మళ్లీ నొక్కాడు. కొత్త సిస్టమ్ పాటల మీద ఎక్కకముందు అక్కడే ఆపి ఉంటే ఎంతో కొంత దక్కేదని తెలీబంధాలో కంప్యూటరు రిపేరు షాపు రాజేష్ తర్వాత చెప్పాడు. ఆపలేదు. రెండు సిస్టమ్‌లూ చక్కగా లేచాయి.

సాయంత్రం సుశీల వచ్చి, చెప్పులు విడిచి, స్టూలు లాక్కుని కూర్చుంది. తెర మీద రెండు సిస్టమ్‌ల పేర్లు చూసింది.

"పాట దేంట్లో ఉందండీ?" గుసగుసగా అడిగింది.

"లేదు సుశీ. డిలీట్ అయిపోయింది."

"మొత్తమా?"

"మొత్తం."

ఆవిడ తిట్టలేదు. రోజూలాగే పెదాలు కదపడం మొదలుపెట్టింది. ఎలీషా పక్కనే కూర్చుని ఆ పెదాల వంక చూశాడు. ఇన్నేళ్లు విన్నవాడు, అది ఏ పాటో పోల్చుకోలేకపోయాడు.