తణుకు సభలో ఎలక్ట్రాన్ల తగువు

ముప్ఫై ఏళ్ల కిందట నాతో పరిశోధన చేసిన మిత్రుడొకడు, వ్యాసం మీద ఇద్దరి పేర్లూ పక్కపక్కనే ఉంటాయని మాటిచ్చాడు. అచ్చయ్యేసరికి నా లెక్క ఉంది, పేరు లేదు. మొన్న ఆయన తణుకు కాలేజీలో మాట్లాడతాడని తెలిసింది. ఆ లెక్క ఎవరిదని పదిమంది ఎదుట అడగడానికే బయల్దేరాను.

రాజమండ్రి ఆర్టీసీ కాంప్లెక్స్‌లో పొద్దున్నే ఎక్స్‌ప్రెస్ బస్సు ఎక్కితే రావులపాలెం మీదుగా సుమారు గంటన్నర. కుడివైపు కూర్చుంటే ఎండ తగలదు. టిక్కెట్టు ఇద్దరి టిఫిన్ ఖర్చుకు మించదు. రావులపాలెంలో ఒక అరటికాయల వ్యాపారి నా పక్కన కూలబడి, నా ఇస్త్రీ బట్టలు చూశాడు.

"ఏంటి మాస్టారూ, పెళ్లికాండి?"

"కాదు, దెబ్బలాటకి. ఎలక్ట్రాన్ల గురించి."

ఆయన నవ్వాడు. తణుకు దాకా కాలక్షేపం కావాలి కనక చెప్పాను. నక్షత్రాల మధ్య చోటు ఖాళీ కాదు. అక్కడ పలచని వాయువుంది, నక్షత్రాల వెలుగుంది. కాంతితో పోటీపడి పరిగెత్తే ఎలక్ట్రాన్లు ఆ వెలుగును ఢీకొంటే అది గామా కిరణంగా మారుతుంది. ఆకాశమంతా పరుచుకున్న గామా వెలుగుకు వాయువును తాకే ప్రోటాన్లే మూలమని మా మిత్రుడనేవాడు. వాయువు పలచబడ్డ చోటా అది కనిపిస్తోందే, అందులో ఎలక్ట్రాన్ల వాటా లేదా అని లెక్క కట్టి చూపింది నేను.

"అయితే తగువు ఎలక్ట్రాన్లది కాదండి, మీదేనన్నమాట!" అన్నాడాయన.

కాలేజీలో వెనక వరసలో కూర్చున్నాను. ప్రిన్సిపాల్ నా పాత శిష్యుడు. "మీరు కింద కూర్చోడమేంటండి మాస్టారూ!" అంటూ చెయ్యిపట్టి వేదిక ఎక్కించాడు. వేదిక మీద పెద్దలు ప్రశ్నలడగరు, అది మన సభామర్యాద. పైగా అతిథికి శాలువా నా చేతులమీదుగానేనని మైకులో ప్రకటించాడు. ఆయన ప్రసంగం అయ్యాక కప్పాను. కప్పి, మైకు అందుకున్నాను.

"ఇందాక వీరు చెప్పిన ఎలక్ట్రాన్ల లెక్క నేను కట్టింది. అవునో కాదో వీరినే చెప్పమనండి."

ఆయన నా భుజం మీద చెయ్యేసి నవ్వాడు. "మాది ఒకే కంచం, ఒకే మంచమండి. లెక్క ఎవరిదైతేనేం!"

హాలంతా చప్పట్లు. వెంటనే వందన సమర్పణ.

తిరుగు బస్సులో నాకు దిగులు లేదు. వాయువు దట్టంగా ఉండే పాలపుంత నడిమి పట్టీకి దూరంగానూ ఆ ఎలక్ట్రాన్ల వెలుగు ఉంది, ఒకరు ఒప్పుకుంటే వచ్చేది కాదు. లెక్క నాదే. మీరూ ఎవరినైనా సభలో నిలదీయాలని వెళితే ఒకటే సలహా: ఎవరెంత బతిమాలినా వేదిక ఎక్కకండి. శాలువా కప్పిన చేత్తో నిలదీస్తే జనానికి అది సరసంలా కనిపిస్తుంది. ప్రిన్సిపాల్‌ను నేనేమీ అనను, గురువుకు మర్యాద చేశాడు. చప్పట్లు కొట్టినవాళ్లకు సంగతి తెలియదు. అంతా తెలిసీ నవ్వినవాడు ఒక్కడే, కొమరగిరి సోమశేఖరం.