గంట కొట్టేదాకా

మా బావమరిదిని కళ్ళద్దాల షాపులో అందరూ చుక్కలాయన అంటారు. అద్దాన్ని ఫ్రేములో బిగించే ముందు దాని నడిమధ్య ఎక్కడో చూసి అక్కడ సిరాచుక్క పెట్టాలి. ఆ చుక్క సరిగ్గా కంటిపాపకు ఎదురుగా వచ్చేలా అద్దాన్ని అరగదీయాలి. చుక్క తప్పిందంటే ఆ కళ్ళద్దాలు పెట్టుకున్నవాడికి తలనొప్పే. చదువైపోయిన దగ్గర్నుంచీ అతనిది అదే పని, అదే షాపు, అదే వెనకగది. అరగదీసే మిషను రొదకు మాకు పళ్ళు జివ్వుమంటాయి. అతనికి మాత్రం హాయిగా ఉంటుంది. అది ఎప్పుడూ ఒకేలా ఉంటుందట. మనుషుల గురించి అతనికున్న ఫిర్యాదు కూడా అదే, వాళ్ళు ఒకేలా ఉండరని.

నేను డ్రైవింగ్ స్కూలు నడుపుతాను. రోజంతా ఎదుటివాళ్ళ తప్పులకు అరవడమే నా బతుకుతెరువు. ఆ గొంతే నాతోపాటు ఇంటికీ వస్తుంది. అందుకే కాబోలు, అతను మా ఇంటికొస్తే నాకు అందనంత దూరంలో కూర్చుంటాడు. పెట్టింది తింటాడు, తన పళ్ళెం తనే కడుగుతాడు, వెళ్ళొస్తానని చెప్పకుండా వెళ్ళిపోతాడు. చుట్టాలు పొగరు అనేవాళ్ళు. మా ఆవిడ "వాడంతే" అనేది. ఆ రెండు మాటల మధ్యే అతనికి నలభయ్యేళ్ళు దగ్గరపడ్డాయి.

ఇంతలో షాపు యజమాని కొత్త హంగుల మోజులో పడ్డాడు. వచ్చినవాళ్ళకు లోపలి పని కనపడాలని వెనకగోడ కొట్టించి గాజుపలక పెట్టించాడు. చుక్కలాయన నెత్తిమీద పాటలు వినిపించే స్పీకరు బిగించాడు. అతను కొన్నాళ్ళు పళ్ళబిగువున భరించాడు. ఒక మధ్యాహ్నం బల్లకింద దూరి, చెవులు మూసుకుని కూర్చుండిపోయాడు. ఎవరెంత పిలిచినా నోరు మెదపలేదు. యజమాని హడలిపోయి మా ఆవిడకు ఫోన్ చేశాడు. ఆవిడ పరుగున వెళ్ళి అతన్ని మానసిక వైద్యం చేసే ఒక డాక్టరమ్మ దగ్గరకు తీసుకెళ్ళింది.

ఆమె మూడు నాలుగుసార్లు పిలిపించి, ఓపిగ్గా మాట్లాడి, చివరికి ఆటిజం అని తేల్చింది. "జబ్బేం కాదమ్మా. పుట్టినప్పట్నుంచీ ఉన్నదే. ఎవరూ గుర్తుపట్టలేదు, అంతే," అంది. ఇలాంటి పెద్దవాళ్ళ కోసమే ఆన్‌లైన్లో ఆదివారం సాయంత్రాలు ఒక ధ్యానం క్లాసు జరుగుతోందని, రెండు నెలలు అందులో కూర్చోమని చెప్పింది. లోపల ఏం జరుగుతోందో ముందుగానే పసిగట్టడం నేర్పుతారట, బల్లకిందకు వెళ్ళేదాకా ఆగకుండా.

మా ఆవిడ దానికి తన షరతు ఒకటి తగిలించింది. రెండు నెలల్లో బాగుపడితే సరే, లేదంటే అద్దెగది ఖాళీచేసి మా ఇంటికొచ్చెయ్యాలి. మా ఇల్లు ఊరికి ఆ చివర. అంటే షాపు కూడా మానెయ్యాల్సిందే. "మానేస్తే మానేశాడు, ప్రాణం కంటే ఎక్కువా?" అంది. మా ఇంట్లో ఇద్దరు పిల్లలు, టీవీ, పొద్దున్నే మిక్సీ, వీటన్నిటిమీదా నేను. అతను ఒకే ఒక్కమాట అన్నాడు. "అక్కా, నాకు నా గది కావాలి." ఆవిడ చెవిన వేసుకోలేదు. పట్టిన పట్టు విడిచే మనిషి కాదు.

మొదటి క్లాసు అయిన వెంటనే నాకు ఫోన్ చేశాడు. అతను ఫోన్ చెయ్యడమే వింత.

"బావా, టీచరు ఊపిరిని గమనించమంది. గమనించేసరికి అది దానంతటది ఆడటం మానేసింది. ఇప్పుడు నేనే లోపలికి లాగి, నేనే వదలాల్సి వస్తోంది."

"ఇప్పుడు కూడానా?"

"ఇప్పుడు కూడా. ఇంతసేపు మాట్లాడటం కష్టం. పెట్టేస్తున్నాను."

నేను పడీపడీ నవ్వాను. తర్వాతి వారం ఇదే సంగతి క్లాసులో టైపు చేశాడట. నాకూ అంతే, నాకూ అంతే అని సగంమంది కింద రాశారట. టీచరు మంచిది. ఊపిరిని పక్కన పెట్టేసి, ఎవరికి నచ్చింది వాళ్ళు గమనించమంది. ఒకామె అరికాళ్ళు తీసుకుంది, ఒకాయన ఫ్యాను గాలి. మనవాడు ఫ్రిజ్ చప్పుడు తీసుకున్నాడు. ఆ క్లాసులో ముఖం చూపించాలని లేదు. ఎక్కువమంది తెరమీద ఉత్త రంగుగడులే. పేర్లు కూడా అక్కర్లేదు కాబట్టి అతను వాళ్ళను ఆకుపచ్చ గడి, నీలం గడి అనే చెప్పేవాడు. నా దగ్గర డ్రైవింగ్ నేర్చుకునేవాళ్ళు కూడా ఇలా గడుల్లో ఉంటే ఎంత బాగుండునో అనిపించింది.

చివర్లో టీచరు "ఇప్పుడు మీకెలా ఉంది?" అని అడిగి, జవాబు వచ్చేదాకా ఆగుతుందట. ఎంతసేపైనా సరే. తెలీదంటే అదీ జవాబేనట. చుక్కలాయన చాలా వారాలు "తెలీదు" అనే చెప్పాడు. ఒకవారం "దవడ బిగుసుకుంది" అన్నాడు. ఆ మర్నాడు దవడ బిగుసుకుంటుండగానే లేచి, యజమాని దగ్గరకు వెళ్ళి, "ఆ స్పీకరు తీసేస్తే నేను పనిచెయ్యగలను. తియ్యకపోతే చెయ్యలేను," అని ముఖాన్నే చెప్పాడు. యజమాని ఆ సాయంత్రమే తీయించేశాడు.

ఇవన్నీ నేను మా ఆవిడకు పూసగుచ్చినట్టు చెప్పాను. ఆవిడ లెక్కలు వేరు. వాడు ఫోన్ ఎత్తుతున్నాడా, లేదు. ఇంటికొస్తున్నాడా, లేదు. నలుగురితో కలుస్తున్నాడా, లేదు. "ఏం బాగుపడ్డట్టు?" అంది. గడువు అయిపోయిన ఆదివారం రెండు ఖాళీ సూట్‌కేసులు కార్లో పెట్టించింది. అతనికి ముందుగా ఒక మాట చెబుదామని నేనంటే ఒంటికాలి మీద లేచింది. "చెబితే రానంటాడు!"

మేం వెళ్ళేసరికి క్లాసు ముగిసి గంట దాటి ఉండాలి. ఫోన్ చేస్తే ఎత్తలేదు. తలుపు కొట్టాం. మా ఆవిడ పిలిచింది, నేను నా వృత్తిగొంతుతో కేక వేశాను, పక్కవాటావాళ్ళు బయటికొచ్చారు. లోపల దీపం వెలుగుతోంది, మనిషి అలికిడి లేదు. మా ఆవిడ తన దగ్గరున్న రెండో తాళంచెవితో తలుపు తీసింది.

గది ఉండాల్సినట్టే ఉంది. మంచం మీద ముడత లేని దుప్పటి, గోడవారగా ఒకే కొలతలో సర్దిన అట్టపెట్టెలు. అతను కుర్చీలో నిటారుగా, కళ్ళు మూసుకుని కూర్చున్నాడు. ఎదురుగా లాప్‌టాప్. తెరమీద రంగుగడులు, రెండు మూడింట్లో మనుషులు. వాళ్ళూ కళ్ళు మూసుకునే ఉన్నారు. టీచరు మాత్రం లేదు.

"ఒరేయ్!" అని మా ఆవిడ మీదకెళ్ళబోయింది. ముట్టుకుంటే అతనికి పడదు. నేను చెయ్యి పట్టుకుని ఆపాను. అతను కళ్ళు తెరవకుండానే, "అక్కా, గంట కొట్టలేదు," అన్నాడు.

"తలుపు బద్దలవుతుంటే వినపడలేదురా?"

"వినపడింది. చప్పుళ్ళు వస్తే గమనించి వదిలెయ్యమంది టీచరు. గమనించాను. వదిలేశాను."

అప్పుడు అర్థమైంది నాకు. గంట కొట్టేదాకా అలాగే ఉండండి అని చెప్పింది టీచరు. ఆ తర్వాత ఆవిడ లైను తెగిపోయింది. వేరే ఏ క్లాసైనా కాసేపు చూసి లేచిపోయేది. వీళ్ళు లేవలేదు, చెప్పిన మాట చెప్పినట్టు పట్టుకుని కూర్చున్నారు.

ఆకుపచ్చ గడిలోంచి ఒక ఆడగొంతు, చాలా సన్నగా, "గంట కొట్టేశారా? నేను వినలేదా?" అంది.

"ఇంకా లేదు," అన్నాడు ఇంకొకాయన.

"నాకు కాళ్ళు తిమ్మిరెక్కాయి. ఏడుపొస్తోంది. కానీ గంట..."

చుక్కలాయన కళ్ళు తెరిచాడు. తెరనంతా ఒకసారి చూశాడు.

"టీచరు లేదు. కరెంటు పోయుంటుంది. గంట రాదు," అన్నాడు. "నేను కొడతాను. అందరికీ సరేనా?"

అని ఆగాడు. ఒక్కొక్కరే సరే అన్నారు. ఒకరు టైపు చేశారు. ఆఖరువాళ్ళ జవాబు రావడానికి చాలాసేపు పట్టింది, అయినా ఆగాడు. తర్వాత లేచి, వంటగట్టు మీంచి స్టీలుగ్లాసు, చెంచా తెచ్చి, తెర దగ్గరగా పట్టుకుని మెల్లగా కొట్టాడు. మోత పూర్తిగా ఆగేదాకా ఉండి, "అయిపోయింది. లేవచ్చు," అన్నాడు.

గడుల్లో మనుషులు కదిలారు. ఎవరో పెద్దగా ఊపిరి వదిలారు. ఆకుపచ్చ గడి ఏడుస్తూనే థాంక్స్ చెప్పింది. పొద్దస్తమానం ఎవరో ఒకరు చూసుకోవాలని మేమనుకున్న మనిషి అంతమందిని కుర్చీల్లోంచి లేపాడు. నేను చూస్తూ నిలబడ్డాను.

లాప్‌టాప్ మూశాక అతను సూట్‌కేసుల్ని చూశాడు.

"నేను రాను, అక్కా."

"ఒంటరిగా ఉంటే మళ్ళీ ఏదైనా అయితే? ఎవరికి తెలుస్తుంది?"

"ఆదివారం నేను రాకపోతే వాళ్ళకి తెలుస్తుంది."

"ముఖం కూడా చూడనివాళ్ళురా వాళ్ళు! వాళ్ళకేం తెలుస్తుంది నీ గురించి?"

"నా ముఖం నువ్వు చిన్నప్పట్నుంచీ చూస్తున్నావు కదా," అన్నాడు. కోపంగా కాదు, నిజంగానే అడిగాడు. "చూసి నీకేం తెలిసింది?"

మా ఆవిడ నోటికి నేను భయపడతాను, కానీ ఆ క్షణంలో ఆవిడను చూస్తే జాలేసింది. మంచం అంచున కూలబడింది.

"అయితే నన్నేం చెయ్యమంటావురా?"

"నన్ను అడుగు. జవాబు వచ్చేదాకా ఆగు."

ఆవిడ చీరచెంగుతో ముక్కు తుడుచుకుంది. "ఎలా ఉందిరా నీకు?"

అతను కళ్ళు మూసుకున్నాడు. మా ఆవిడ అంతసేపు మాట్లాడకుండా ఉండటం మా పెళ్ళయ్యాక నేను చూడలేదు.

"భయంగా ఉంది," అన్నాడు చివరికి. "నువ్వు పెట్టెలు తెచ్చావు కాబట్టి."

ఆవిడ లేచింది. సూట్‌కేసులు రెండూ తనే మోసుకెళ్ళి గడప బయట పెట్టి, తలుపు మూసి వచ్చింది.

"ఇప్పుడు?"

అతను మళ్ళీ కళ్ళు మూసుకున్నాడు. మేమిద్దరం నిలబడి ఆగాం.

"కొంచెం తగ్గింది," అన్నాడు. "ఇంకా ఉంది."