నాయిన చేనంత తినిపిచ్చిన రోజు

మా చిన్నప్పుడు... చలికాలం పొద్దుగాల చేన్ల పిడకల పొగ లేసిందంటే చాలు, నేను, తమ్ముడు మొకం గూడ కడుగకుంట ఉరికేటోళ్లం. ఊసబియ్యం!

ఇప్పటి పిల్లలకు చెప్తె "గదేంది?" అంటరు. లేత జొన్నకంకులను పిడకల నిప్పులల్ల కాల్చి, వేడిమీదనే గొంగడిల వేసి నలిపి, చాటల చెరుగుతరు. పచ్చపచ్చటి గింజలు రాలుతయి. జెర బెల్లం నంజుకొని నోట్లె వేసుకుంటే... అబ్బ! ఇప్పుడు రాస్తుంటె గూడ నోట్లె నీళ్లు ఊరుతున్నయి.

కని అమ్మ పిడికెడు కంటె ఎక్కువ పెట్టకపోయేది. "పచ్చికంకులన్ని మీరే బుక్కితె ఏడాదంత రొట్టెలకు ఏం జేయాలె?" అని కసిరేది. ఆ పిడికెడు మాకు ఏ మూలకు? కడుపునిండ తినాలని ఒకటే యావ...

మాది బొల్లారం దిక్కు ఊరు. ఒక్కొక్క చేను కంపెనీలకు పోతుండె. మాది గూడ పోయింది, నాయిన సంతకం పెట్టొచ్చిండు. అయినా వానలు ఎనుకవట్టంగనే మళ్ల అదే చేన్ల జొన్నలు అలికిండు!

"అమ్మిన భూమిల విత్తనాలేంది? నీకేమన్న పిచ్చా?" అని అమ్మ లొల్లి పెట్టింది.

"వాళ్లు వచ్చేదాక ఏం ఎయ్యకుంట పడావు పెట్టాల్నా? నాతోని కాదు" అన్నడు నాయిన. పంట ఇంటికొచ్చేదాక ఆగుతమని కంపెనీ మనిషి నోటిమాటగ చెప్పిండట. మా నాయినకు ఆ మాటే చాలు.

కంకులు పాలు పట్టినయి. గింజ ఇంక గట్టివడలే. గప్పుడొచ్చిండు ఆ మనిషి. "ఎల్లుండి డోజర్ వస్తుంది పటేలా. పైనుంచి ఆర్డర్" అన్నడు. నాయిన శానా బతిమాలిండు... "ఇంకొక్క నెల ఆగుర్రి సారూ, పంట చేతికొస్తది" అని. ఆయన వినకుంటనే బండెక్కి పోయిండు.

తెల్లారి నాయిన గడపగడపకు పోయి ఊరోళ్లందర్ని చేనుకు పిలిచిండు. గింజ గట్టివడని పంట ఇంటికి తెచ్చి ఏం జేస్తరు? ఎవరికాడున్న పిడకలు వాళ్లు మోసుకొచ్చిన్రు. కోసినకాడికి కోసుడు, కాల్చినకాడికి కాల్చుడు...

"తినుర్రి బిడ్డా, ఇయ్యాల మిమ్ముల ఎవ్వరేమనరు" అన్నడు నాయిన. అమ్మనే చెరిగి చెరిగి మా ముందట కుప్పవోసింది. మాకైతే పండుగే పండుగ! కడుపు నొచ్చేదాక తిన్నం. తమ్ముడు సంబురం పట్టలేక, "నాయినా, ఏడాదేడాది గిట్లనే చేద్దామే!" అన్నడు. నాయిన గొంగడి దులుపుకుంట అటు తిరిగిండు.

డోజర్ వచ్చింది, పోయింది. తర్వాత నాయిన అదే కంపెనీల షిఫ్టు పనికి కుదిరిండు. జొన్నలు దుకాణంల కొనుక్కునుడు షురువైంది. ఊసబియ్యం మాటే మర్చిపోయినం.

ఇప్పుడు నేను బీరంగూడల ఉంటున్న, నాయిన నా దగ్గర్నే ఉంటడు. పోయిన చలికాలం సంతల ఒకామె ఊసబియ్యం ముందట పెట్టుకొని కూసుంది. జహీరాబాద్ దిక్కు నుంచి తెచ్చిందట. పానం లేసొచ్చింది! కట్టిచ్చుకొని జల్దీ జల్దీ ఇంటికొచ్చి నాయిన దోసిట్ల పోసిన.

చానసేపు వాసన సూసిండు. "ఆ రోజు నేను ఒక్క గింజ నోట్లె వెయ్యలే బిడ్డా. మనసు రాలే. తర్వాత ఎన్నిసార్లు అనుకున్ననో, నా చేను కడసారి పంట నేను గూడ తినుంటే మంచిగుండు అని..." అన్నడు. నాలుగు గింజలు నోట్లె వేసుకొని నములబోయిండు. పండ్లు లేవాయె... మెల్లగ తీసి చేతిల పెట్టుకున్నడు. నాకు ఏడుపు ఆగలే.

మీ దిక్కు ఇంకా జొన్నచేన్లు ఉన్నయా? ఉంటే ఈ చలికాలం మీ నాయినను పక్కన కూసోవెట్టుకొని తినుర్రి... ముందుగాల ఆయన నోట్లె వెయ్యుర్రి. ఎట్లుండెనో నాకు గూడ జెర రాయుర్రి.