ఆవిడ రెండు వేళ్లు

ఎనభైల మొదట్లో, కారు ప్రమాదంలో నా వెన్నుపూస దెబ్బతిన్న రెండో ఏడు, మా ఆవిడ సుజాత నాలుగు గంటలు డ్రైవ్ చేసి నన్ను శాన్‌ఫ్రాన్సిస్కో చైనాటౌన్‌కి తీసుకెళ్లింది. అప్పటికి బొడ్డు కింద నాకు స్పర్శ లేదు. గొట్టం పెట్టుకుంటేనే మూత్రం వచ్చేది. దారిలో ఆ పనికి చోటు దొరకదని, ప్రయాణమంటే ముందురోజు నుంచే నీళ్లు మానేసేవాణ్ణి.

మూలికల కొట్టు వెనక గదిలో ఉన్న చైనా వైద్యురాలికి డెబ్బై ఏళ్లుంటాయి. నా పేరైనా అడగకుండా, నిదానమైన ఇంగ్లీషులో, "ఈరోజు మూత్రం ఎన్నిసార్లయింది?" అంది.

నేను తల దించుకున్నాను.

"చెప్పేయండి, డాక్టరే కదా," అంది సుజాత తెలుగులో.

"ఒక్కసారి," అన్నాను.

వైద్యురాలు చుట్టలాంటి మూలికల కడ్డీ వెలిగించి, సెగ తగిలేలా నా పొత్తికడుపుకు దగ్గరగా పట్టుకుంది. ఆ నిప్పుకు అటొకటి ఇటొకటి తన వేళ్లు నా ఒంటికి ఆనించింది.

"మీ వేళ్లు కాలతాయి, తీసేయండి," అన్నాను.

"వేడి ఎక్కువైతే మీ చర్మం చెప్పలేదు. నా వేళ్లు చెప్పాలి."

అంతకుముందు ఎందరో డాక్టర్లు అక్కడ సూదితో గుచ్చి, తెలుస్తోందా అని అడిగారు. తెలియట్లేదంటే రాసుకుని వెళ్లిపోయారు. నా బదులు తెలుసుకుంటానన్నది ఈవిడొక్కతే.

గొట్టం ఆ తర్వాత కూడా తప్పలేదు, అది వేరే సంగతి. బయల్దేరబోతుంటే, ఎర్రగా కందిన ఆ వేళ్లతోనే ఆవిడ నాకు గ్లాసు నీళ్లు అందించింది.

ఇంటికి మళ్లీ నాలుగు గంటలు. సుజాత నా వంక చూసింది. నేను చుక్క మిగల్చకుండా తాగేశాను.