పట్టీ చూసి చెప్పే బాబాయి

మా బాబాయికి తన మనసులో ఏముందో తనకి తెలియదు. చెయ్యి చూసుకుని చెప్పేవాడు. ఎలా ఉన్నావని ఎవరైనా అడిగితే, అందరిలా బాగున్నాననేసి ఊరుకునే మనిషి కాదు. "ఉండు, చూసి చెప్తాను" అని ఎడమ చేతి చొక్కా మడత పైకి లాగి, ముంజేతికి అంటించుకున్న పట్టీ వంక కళ్లు చిట్లించి చూసి, మడత దించి, గొంతు సవరించుకుని, "ముప్పై ఒకటి. బాగానే ఉన్నాను" అనేవాడు. అడిగిన మనిషి ఈలోగా సగం వీధి దాటిపోయేవాడు. బాబాయి వెనక నుంచి కేకేసి మరీ చెప్పేవాడు.

పట్టీ అంటే దెబ్బకి వేసుకునే పట్టీ కాదు. చూడటానికి అలాగే ఉండేది గానీ, లోపల సన్నటి తీగలు, మధ్యలో గింజంత కిటికీ ఉండేవి. మనిషి కంగారు పడితే చర్మం మీద కంటికి కనపడనంత చెమట పడుతుందట. పట్టీ దాన్ని పసిగట్టి, కంగారు ఎంతుందో కిటికీలో అంకె చూపిస్తుంది. అంకె చిన్నదైతే మనసు నిమ్మళం, పెద్దదైతే గాభరా.

ఇవి తయారుచేసే ఫ్యాక్టరీలో బాబాయి ఉద్యోగం. ఉద్యోగమంటే పట్టీ అంటించుకుని కుర్చీలో కూర్చోవడమే. ఒకడొచ్చి వెనక బెలూన్ పగలగొడతాడు. ఇంకొకడొచ్చి అకారణంగా తిడతాడు. తర్వాత మెత్తటి సంగీతం పెట్టి కళ్లు మూసుకోమంటారు. పట్టీ సరిగ్గా పనిచేస్తోందో లేదో అలా తేల్చేవారు. జీతం తీసుకుని భయపడేవాణ్ణి మా వంశంలో వీణ్ణే చూశానని మా నాయనమ్మ వచ్చినవాళ్లందరికీ చెప్పేది. ఆ మాటలో ఎగతాళి ఎంతుందో గర్వమూ అంతే ఉండేది.

తిట్టే ఉద్యోగి నిజానికి చాలా మెత్తని మనిషి. లోపల బండబూతులు తిట్టి, బయటికి రాగానే ఏమనుకోవద్దని బతిమాలి టీ ఇప్పించేవాడు. కొన్నాళ్లకి అతను తలుపు తియ్యగానే బాబాయికి టీ గుర్తొచ్చి అంకె పడిపోవడం మొదలైంది. చివరికి అతన్ని వేరే గదికి మార్చి, టీ అలవాటు లేనివాణ్ణి తెచ్చి పెట్టారు.

బాబాయి ఇంటికి కూడా పట్టీతోనే వచ్చేవాడు. అయితే ఆ కిటికీలోకి ఎవర్నీ చూడనిచ్చేవాడు కాదు. పక్కవాళ్లు తొంగి చూస్తే ఒంటికి సిగ్గేసి అంకె మారిపోతుందని చెప్పేవాడు. మాకు అది సబబుగానే తోచింది. మా నాన్న మాత్రం సగం నమ్మేవాడు, సగం నవ్వేవాడు.

ఆ నాన్నకీ బాబాయికీ మేడ మీద గది ఎవరిదన్న విషయంలో పాత తగాదా ఒకటుండేది. నెలకోసారైనా అది రాజుకునేది. నాన్న గొంతు తారస్థాయికి చేరేసరికి బాబాయి వేలెత్తి ఆపి, చొక్కా మడత లాగి చూసుకునేవాడు.

"ఒక్క నిమిషం అన్నయ్యా, ఎనభై దాటింది. కాస్త దిగనీ, నువ్వు ఆపిన చోటి నుంచే మళ్లీ మొదలుపెడుదువుగాని."

దిగేసరికి తను ఎక్కడ ఆపాడో నాన్నకి గుర్తుండేది కాదు. ఆ గది ఎవరిదో ఇప్పటికీ తేలలేదు. ప్రస్తుతం అందులో కాళ్లు విరిగిన కుర్చీలు కాపురం ఉంటున్నాయి.

పెళ్లి మాటలు కూడా ఈ పట్టీ వల్లే చెడ్డాయి. ఒక సంబంధం వాళ్లు వచ్చి, అమ్మాయి నచ్చిందా అని నేరుగా అడిగారు. బాబాయి మర్యాదగా పట్టీ చూసుకుని ముప్పై రెండు అన్నాడు. అది మంచిదా చెడ్డదా అని వాళ్లు అడిగారు. బస్టాపులో నిలబడ్డా అంతే ఉంటుందండీ అన్నాడు. వాళ్లు కప్పులు కింద పెట్టి లేచారు. అప్పటికే ఆయన నలభైలో పడ్డాడు. ఆ తర్వాత మా ఇంటికి ఇంకెవరూ ఆ పని మీద రాలేదు.

కానీ ఆ పట్టీ వల్ల మాకు జరిగిన మేలు తక్కువేం కాదు. నాయనమ్మకి కంటి ఆపరేషన్ రోజున ఆవిడ మంచం పట్టె పట్టుకుని లేవనంది. బాబాయి తన పట్టీ ఊడదీసి ఆవిడ చేతికి అంటించి, అరచేయి అడ్డం పెట్టి చూసి, "పద్దెనిమిదే అమ్మా. పసిపిల్లలకి ఉంటుంది ఇంత నిబ్బరం" అన్నాడు. నాయనమ్మ మంచం వదిలి, ఆ అంకె డాక్టరుకీ నర్సుకీ పక్క మంచం ఆవిడకీ చెప్పుకుంటూ వెళ్లింది. నేను మొదటి ఉద్యోగానికి ఇంటర్వ్యూకి వెళ్లే ముందు గుమ్మంలో కూలబడి కదలనంటే నాకూ అదే వైద్యం జరిగింది. "ఇరవై రెండు. మా ఫ్యాక్టరీలో పడుకున్నవాళ్లకి కూడా ఇంత తక్కువ రాదు, లే" అన్నాడు. లేచాను. ఉద్యోగమూ వచ్చింది.

ఇక జిగురు కథ.

ఫ్యాక్టరీలో పొద్దున్నే అందరికీ పట్టీలు అంటించే ఆవిడ ఒకరున్నారు. మేం ఆవిణ్ణి చూడకముందే పట్టీలావిడ అని పేరు పెట్టుకున్నాం. ఒంటరి మనిషి, మాటలో తొందర లేని మనిషి అని బాబాయి చెప్పేవాడు. దూదితో చెయ్యి తుడిచి, పట్టీ అంటించి, బొటనవేలితో నాలుగు మూలలూ నొక్కడం ఆవిడ పని. అప్పుడు వచ్చే అంకె రోజంతటిలో అన్నిటికన్నా చిన్నదిగా ఉండాలి, దాన్ని బట్టే మిగతావి కొలుస్తారు. బాబాయికి మాత్రం అదే అన్నిటికన్నా పెద్దదిగా వచ్చేది. బెలూన్ పగిలినా అంత వచ్చేది కాదు.

ఇంజనీర్లు కూర్చుని ఆలోచించి జిగురు మార్చారు. తగ్గలేదు. దూది మార్చారు, కుర్చీ మార్చారు. ఆవిడ సెలవు పెట్టిన రోజున వేరేవాడు అంటిస్తే అంకె బుద్ధిగా అడుగున ఉంది. అయితే ఆవిడ చెయ్యి వేడెక్కువేమోనని తొడుగులు ఇచ్చారు. తొడుగులతో అంటిస్తే ఇంకాస్త పెరిగింది. ఈ సంగతంతా బాబాయి భోజనాల దగ్గర చాలా సీరియస్‌గా చెప్పి, జిగురులోనే ఏదో లోపం ఉందని తేల్చాడు. నాయనమ్మ గ్లాసు కింద పెట్టింది.

"అంటించింది ఆవిడ. అంటుకుంది వీడికి. మధ్యలో జిగురేం చేసింది పాపం?"

బాబాయి చెవులు ఎర్రబడ్డాయి. చొక్కా మడత లాగి చూసుకుని, ముప్పై అని ప్రకటించి చెయ్యి కడుక్కున్నాడు.

ఇలా ఉండగా కంపెనీ వాళ్లు దూరపు ఊళ్లో కొత్త ఫ్యాక్టరీ తెరిచారు. అక్కడి వాళ్లకి పని నేర్పడానికి వెళ్తావా అని పట్టీలావిణ్ణి అడిగి, ఆలోచించుకోమని వారం గడువిచ్చారు. ఆ వారమంతా బాబాయి ఏదో ఒకటి అంటాడని చూశానని తర్వాత ఆవిడే నాకు చెప్పింది. ఈ మహానుభావుడు రోజూ వచ్చి చెయ్యి చాపి, పట్టీ అంటించుకుని, థాంక్స్ చెప్పి బెలూన్ల గదిలోకి పోయాడు. ఆవిడ వెళ్తానని సంతకం పెట్టేసింది.

అప్పటి నుంచి బాబాయి ఇంట్లో ఉన్నా లేనట్టే. కంచం ముందు కూర్చుని వేలితో గీతలు గీసేవాడు. వరండాలో నిలబడి ఫ్యాక్టరీ వైపు వెళ్లే రోడ్డు చూసేవాడు. ఎలా ఉన్నావని అడిగితే చెయ్యి చూసుకోకుండానే ఇరవై అనేవాడు. ఆయన చూడకుండా చెప్పడం మాకు కొత్త. నాకు భయం వేసింది. వెళ్లొద్దని ఒక్క మాట అడగరాదా అన్నాను. "మంచి అవకాశం అది. నా చెయ్యి కోసం ఆవిణ్ణి ఆపనా?" అని లేచి వెళ్లిపోయాడు.

ప్రయాణానికి ముందు రోజు ఆదివారం. ఆవిడ చెప్పి వెళ్దామని మా ఇంటికి వచ్చింది. బాబాయి ఆవిడకే రైల్లో మెడ కింద పెట్టుకునే దిండు కొనాలని బజారుకి వెళ్లాడు. నాన్నకి ఊళ్లో ఏదో పని. నాయనమ్మ లోపలి గదిలో పడుకుంది. నేను టీ ఇచ్చి, ఆవిడ ఎదురుగా కూర్చుని, వెళ్లేలోగా నాలుగు పట్టీలు ఇచ్చి వెళ్లమని, అవి లేకపోతే మా బాబాయికి కాలూ చెయ్యీ ఆడదని అడిగాను.

"ఏ పట్టీలమ్మా?"

"రోజూ సాయంత్రం అంటించుకుని వస్తాడు కదండీ, అవి."

ఆవిడ కప్పు కింద పెట్టి నా మొహం చూసింది. నిజంగా తెలియక అడుగుతున్నానని అర్థమై నవ్వింది.

"పనిచేసే పట్టీ ఒక్కటి కూడా గేటు దాటదమ్మా. చేతులు తడిమి మరీ చూస్తారు. మీ బాబాయిగారు తెచ్చుకునేది అయిపోయిన పట్టీ. సాయంత్రం అసలుది ఊడదీసి, అది నేనే అంటిస్తాను. కిటికీ ఖాళీగా ఉంటుంది."

"మరి అంకెలు?"

"నేనూ అడిగాను, ఈ చచ్చిన పట్టీ ఎందుకండీ అని. ఇంట్లో వాళ్లకి కావాలండీ అన్నారు. భయపడొద్దంటే ఎవరూ వినరట. అంకె చెబితే వింటారట."

నాయనమ్మ పద్దెనిమిదీ, నా ఇరవై రెండూ, నాన్నని చల్లార్చిన ఎనభైయ్యీ అన్నీ ఆ గింజంత ఖాళీలోంచి బాబాయి మాకోసం తీసి ఇచ్చినవే. ఇన్నాళ్లూ మమ్మల్ని ఇంత శుభ్రంగా మోసం చేసినందుకు నవ్వొచ్చింది. ఆ మనిషి మీద పట్టరానంత ఇష్టమూ వచ్చింది. అందరికీ కావలసిన అంకె ఇచ్చినవాడు తనకి కావలసినది మాత్రం నోరు తెరిచి అడగలేక వీధుల్లో దిండ్లు వెతుకుతున్నాడు.

ఇంతలో దిండు చంకలో పెట్టుకుని బాబాయి రానే వచ్చాడు. ఆవిణ్ణి చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు. ఆవిడ లేవలేదు.

"రేపు వెళ్తున్నాను. మీకెలా ఉంది?"

"ఉండండి, చూసి చెప్తాను."

చొక్కా మడత సగం లాగాక ఆయనకి ఎవరి ముందు లాగుతున్నాడో తట్టింది. నిన్న సాయంత్రం ఆ పట్టీ అంటించింది ఆ ఎదురుగా కూర్చున్న చేతులే. మడత పైకి పోదు, కిందికి రాదు. చెవులు ముందుగా ఎర్రబడ్డాయి.

"చూడండి, నాకు తొందరేం లేదు" అంది ఆవిడ.

"అందులో ఏమీ లేదండీ."

"తెలుసు. నేను పట్టీని అడగలేదు. మిమ్మల్ని అడిగాను."

బాబాయి దిండుని చంకలోంచి తీసి రెండు చేతులతో పట్టుకుని, దానికేసి చూస్తూ చెప్పాడు.

"పొద్దున్న మీరు నా చెయ్యి పట్టుకుంటారు. అరనిమిషం కూడా ఉండదు. నేను ఫ్యాక్టరీకి వచ్చేది ఆ అరనిమిషానికే. జీతానికని మా అమ్మ అనుకుంటుంది."

"నేనెప్పుడూ అలా అనుకోలేదు" అని లోపలి గదిలోంచి, నిద్రపోతున్న నాయనమ్మ అంది.

ఆవిడకి నవ్వాగలేదు, కళ్లు కూడా ఆగలేదు. పైట చెంగుతో తుడుచుకుంది. ఈ ముక్క వారం కిందట అని ఉంటే సంతకం పెట్టేదాన్నే కాదంది. అందుకే అనలేదని బాబాయి దిండుకే చెప్పాడు.

"మాటిచ్చాను, వెళ్తాను. ఏడాది పని. అయ్యాక ఇక్కడికే వస్తాను" అని ఆవిడ లేచి ఆయన దగ్గరికి వెళ్లింది. "రోజూ ఫోన్ చేసి ఎలా ఉందో చెప్పాలి. అంకెలు చెబితే మాత్రం పెట్టేస్తాను." అంటూనే ఆ చచ్చిన పట్టీని ఒక్క లాగులో ఊడదీసి తన సంచిలో వేసుకుంది. వెంట్రుకలు కూడా వెళ్లాయి.

ఆవిడ వెళ్లాక ఇల్లు చిన్నబోయింది. ఆవిడ మా ఇంటికి వచ్చింది ఒక్కసారే అయినా అలా అనిపించింది. సాయంత్రం కాగానే బాబాయి ఫోన్ పట్టుకుని వరండాలోకి వెళ్లేవాడు. ఆవిడ ఎలా ఉందని అడగడం, ఈయన అలవాటు కొద్దీ చొక్కా మడత లాగడం, అక్కడ తెల్లటి చారిక తప్ప ఏమీ కనపడకపోవడం. చివరికి బాగా లేదు అనేవాడు. ఎలా బాగా లేదని ఆవిడ వదలకుండా అడిగేది కాబోలు, ఈయన నీళ్లు నమిలేవాడు. ఫ్యాక్టరీలో కొత్తవాడు పట్టీ అంటిస్తున్నాడనీ, అంకె అడుగు నుంచి లేవడం లేదనీ, జిగురు కుదిరిందని ఇంజనీర్లు స్వీట్లు పంచుకున్నారనీ చెప్పాడొకసారి. ఆ వేళ అవతలి నవ్వు మాకు వంటింట్లోకి వినిపించింది.

ఒక సాయంత్రం ఫోన్ మధ్యలోనే ఆపి లోపలికి వచ్చాడు. నాయనమ్మ పక్కన కూర్చున్నాడు.

"అమ్మా, పని మీద మనసు నిలవదు. గేటు చప్పుడైతే ఆవిడేమో అనిపిస్తుంది. సాయంత్రం ఫోన్ వేళ అయ్యేదాకా గడియారం వంకే చూస్తుంటాను. దీన్ని ఏమంటారు?"

నాయనమ్మ ఆయన వీపు మీద చెయ్యి వేసింది. "బెంగ అంటారురా."

"ఎంతకాలం ఉంటుంది?"

"మనిషి వచ్చేదాకా."

బాబాయి ఆ మాటని రెండుసార్లు లోపల్లోపల అనుకుని చూసుకున్నాడు. ఆయన మొహం తేటపడింది. గబగబా లేచి వరండాలోకి వెళ్లాడు.

"కనుక్కున్నానండీ" అనడం మాకు వినిపించింది. "దీన్ని బెంగ అంటారట."