యాదగిరి ఎడమ బూటు

నాలుగేళ్లుగా ఒక మాట నన్ను నిలవనీయడం లేదు. ఆబిడ్స్ నుంచి నాంపల్లి స్టేషన్ దాకా నడుస్తాను, మళ్లీ వెనక్కి నడుస్తాను. అది అలసిపోదు. మీరు నన్నెరుగరు. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను.

మాది నాంపల్లిలో ఒక కార్ఖానా ఫుట్‌బాల్ జట్టు. బాగా ఆడేవాడికి కార్ఖానాలో కొలువు. ఆట పోతే కొలువూ పోయేది. అంతకుముందు ఏడాది కప్పు గెలిచాం. ఆ ఏడాది దాన్ని నిలబెట్టుకోవాలి. ప్రతి జట్టూ మమ్మల్ని పడగొట్టడానికే వచ్చేది. గెలిచిన రోజు కూడా మాలో ఎవరూ నవ్వేవారు కాదు.

నేను ఓవర్సీర్ చదువు చదివి అక్కడ నక్షాలు గీసేవాణ్ణి. జట్టు సామానూ నా బాధ్యతే: బంతులు, గాలిపంపు, పదకొండు జతల బూట్లు. కాలు జారకుండా బూటు అడుగున తోలు బిళ్లలు మేకులతో కొట్టాలి. లోపలికి వచ్చిన మొనను వంచాలి. చెయ్యి పెట్టి తడమాలి. ఆ తర్వాతే జాబితాలో టిక్కు. ఈ పద్ధతి పెట్టింది నేనే.

సెమీఫైనల్ రోజు వేళ మించిపోతోంది. తడమకుండానే ఇరవై రెండు టిక్కులు పెట్టి సంతకం చేశాను.

సగం ఆట అయ్యాక, మాకు గోల్స్ కొట్టిపెట్టే యాదగిరి ఎడమ బూటు విప్పి నా చేతికిచ్చాడు.

"అన్నా, జర చూడు. లోపల ఏందో గుచ్చుతున్నది."

చెయ్యి పెట్టాను. మేకు మొన వేలికి తగిలింది. అప్పటికే కెప్టెన్ మా మీదికి వంగాడు.

"ఏంది? బూట్లు చూసినవా లేదా నువ్వు?"

"చూసిన. ఏం లేదు. కొత్త తోలు, గట్లనే ఉంటది."

"ఇన్నవా యాదగిరి? నిరుడు ఉత్త కాళ్లతోని ఆడినోనికి ఇప్పుడు బూట్లు గుచ్చుతున్నయంట!"

అందరూ నవ్వారు. యాదగిరి కూడా నవ్వి బూటు తొడుక్కున్నాడు.

ఎందుకలా అన్నాను? సుత్తి నా సంచిలోనే ఉంది. రెండు దెబ్బలు చాలు. కానీ సుత్తి తీస్తే, చూడకుండా సంతకం పెట్టానని కెప్టెన్ ఎదుటే తేలిపోతుంది. లెక్క తప్పని మనిషినన్న పేరు కోసం. అంతేనా? వేరే కారణం చాలా వెతికాను. దొరకలేదు.

తర్వాత గోలు ముందు ఖాళీగా దొరికిన బంతిని తన్నబోయి, యాదగిరి ఎడమ కాలు నేలకానించలేక చటుక్కున ఎత్తేశాడు. బంతి పక్కకు పోయింది. ఓడిపోయాం. బూట్లు పోగుచేసింది నేనే. ఎవరూ చూడకముందే మేకు వంచేశాను. యాదగిరి అరికాలి గాయం చూపించాడు. కెప్టెన్ బూటు తడిమాడు, ఏమీ తగల్లేదు. అవతలివాళ్లకు ఆట అమ్ముకున్నావన్నాడు. వారంలో యాదగిరి కొలువు పోయింది. నేను పక్కనే నిలబడి ఉన్నాను.

మొన్న సుల్తాన్ బజార్‌లో బట్టల మూట మోస్తూ కనిపించాడు. ఆగి, మంచిగున్నవా అన్నా అని అడిగాడు. మంచిగున్న అన్నాను. మూట సర్దుకుని వెళ్లిపోయాడు.

అతనికి చదువు రాదు. అది తెలిసే కాగితం మీద పెడుతున్నానా? కావచ్చు. మన్నించమని ఎవరినీ అడగను. అయినా ఇంత రాశాక, కుర్చీలో కదలకుండా కూర్చోగలుగుతున్నాను. యాదగిరి ఆట అమ్ముకోలేదు. మేకు ఉంది. నేను ముట్టుకున్నాను, లేదన్నాను.