రోటాను నమ్మిన చరిత్రకారుడు

ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది గానీ, ఇంగ్లండులోని లీసెస్టర్‌లో ఎమ్మెస్సీ చదివే రోజుల్లో నేను ఎవరి మాటా ఒక పట్టాన నమ్మేవాణ్ణి కాదు. బస్టాపు బోర్డు నాలుగు నిమిషాలంటే వాచీ పెట్టి చూసేవాణ్ణి. నాతో ఫ్లాట్‌లో ఉండే వరంగల్ మిత్రుడు పాలు తాగలేదంటే సీసా మీద గీత గీసేవాణ్ణి (సంగతి కనిపెట్టి అతను ఇంకో గీత గీశాడు, ఏది నాదో నాకే తెలియలేదు). అలాంటి నాకు పాత సామాన్లమ్మే చారిటీ షాపులో అట్ట ఊడిన పుస్తకం ఒకటి దొరికింది. పాతకాలపు గ్రీకులు, రోమన్లు చరిత్ర ఎలా రాసేవారో అందులో ఉంది. ఒక గ్రీకాయన ఊరూరా తిరిగి, విన్నదల్లా రాసి, నమ్మడం మానడం మనకే వదిలేసేవాడట. రోమన్ ఒకాయన తనకెవరి మీదా కోపం లేదని మొదలుపెట్టి చక్రవర్తులను ఉతికి ఆరేశాడట. ఇంకో గ్రీకాయన సైన్యంలో పనిచేసినవాడు. ఒకే యుద్ధాన్ని చూసిన ఇద్దరు రెండు రకాలుగా చెబుతారని, అందరినీ గుచ్చి గుచ్చి అడిగేవాడట. ఈయన నాకు తెగ నచ్చాడు.

సరిగ్గా అప్పుడే మా తెలుగు ప్రార్థన కూటానికి పదేళ్ళు నిండుతున్నాయని, చిన్న పుస్తకం వేద్దామని, అందులో చరిత్ర నన్ను రాయమని పాస్టరు అంకుల్ అడిగారు. "నువ్వు కంప్యూటర్ చదువుతున్నావు కదా, తప్పుల్లేకుండా రాస్తావు" అన్నారు. ఇంటికెళ్ళి ల్యాప్‌టాప్‌లో ఒక పట్టిక గీశాను. చెప్పినవారు ఎవరు, కళ్ళతో చూశారా, విన్నారా, అలా చెబితే వాళ్ళకేం ఒరుగుతుంది. (చివరి గడి ఎప్పుడూ ఖాళీగా ఉండేది కాదు.)

మొదటి సాక్షి ఏలూరు ఆంటీ, వృద్ధులుండే కేర్‌హోమ్‌లో నర్సు. "మొదటి కూడిక మా ఫ్లాట్‌లోనే నాయనా. మే నెల మొదటి ఆదివారం, పొద్దున పదకొండింటికి. పాట ఎత్తుకుంది నేనే" అంది. చివరి గడిలో 'పేరొస్తుంది' అని రాసుకున్నాను. ఆమే నమ్మకంగా తన పాత కాగితాల అట్టపెట్టె కూడా ఇచ్చింది. అందులో ఆ నెల డ్యూటీ రోటా, అంటే ఎవరు ఏ పూట పనిచేయాలో రాసే కాగితం, దొరికింది. ఆ ఆదివారం పొద్దున ఏడు నుంచి సాయంత్రం ఏడు దాకా ఆమె పేరే. శాసనం తవ్వి తీసినవాడిలా పొంగిపోయాను. ఆ కూడికకు వచ్చిన మిగతావాళ్ళు గ్లాస్గోకో మాంచెస్టర్‌కో వెళ్ళిపోయారు. ఫోన్ చేస్తే సరిపోయేది. కానీ చేతిలో కాగితం ఉండగా మనుషులతో పనేముంది?

ఆదివారం ఆరాధన అయ్యాక, కమిటీ ముందు, టీ తాగుతూ చదివాను. పాట ఎత్తుకున్నానంటున్నవారు ఆ సమయానికి డ్యూటీలో ఉన్నట్టు రోటా చెబుతోందన్న వాక్యం దగ్గర కాస్త ఆగాను కూడా.

"ఆ డ్యూటీ నేను చేయలేదు బాబూ" అంది ఏలూరు ఆంటీ. నాయనా నుంచి బాబుకు దిగిపోయాను.

"మరెవరు చేశారాంటీ?"

"అది చెప్పను."

"చెప్పకపోతే మీ పేరెలా రాయను?"

"రాయకు" అని కోటు తీసుకుని వెళ్ళిపోయింది. తర్వాత రెండు ఆదివారాలు రాలేదు. డ్యూటీ లేని ఆదివారం ఆమె మానడం పదేళ్ళలో అదే మొదలట. "నువ్వు రాసింది చరిత్రా, చార్జిషీటా?" అన్నారు పాస్టరు అంకుల్. ఆమె ఇక రాదేమోనని హాల్లో అందరూ నావైపే చూశారు.

రెండో ఆదివారం కప్పులు కడుగుతూ ఏలూరు ఆంటీ స్నేహితురాలు గుంటూరు ఆంటీ నన్ను పిలిచింది. మొదటి కూడికకు రాలేదు కాబట్టి ఆమెను నేను ఒక్క ప్రశ్నా అడగలేదు.

"ఆ డ్యూటీ చేసింది నేనేరా అబ్బాయ్."

"రోటాలో మీ పేరు లేదు కదా ఆంటీ."

"రోటా ఆఫీసు గోడకుంటుంది. డ్యూటీ మేం చేస్తాం. మాలో మేం మార్చుకున్నాం, మేనేజరుకు చెప్పలా. నేనింకా అక్కడే పనిచేస్తున్నా, తెలిస్తే నా ఉద్యోగానికే ముప్పని అది నోరు మెదపలేదు."

"మరి ఆ రోజు మీరే కూడికకు వెళ్ళొచ్చుగా?"

"ఎవరో ఒకరు డ్యూటీలో ఉండాలి కదా. నాకు పాట రాదు. దానికొచ్చు."

నా పట్టికలో ఇది పట్టే గడి లేదు. సైన్యంలో పనిచేసిన ఆ గ్రీకాయన చూసినవాళ్ళ వెంటపడి అడిగాడు. నేను ఆయన దగ్గర అనుమానం ఒక్కటే నేర్చుకుని, అడగడం వదిలేశాను.

ఆ మధ్యాహ్నమే ఇద్దరం బస్సెక్కి వెళ్ళాం. ఏలూరు ఆంటీ తలుపు తీసి నన్నూ, ఆమెనూ చూసింది. "దీన్నెందుకు తెచ్చావ్?"

"సాక్షి ఆంటీ."

"నువ్వు సాక్షుల్ని నమ్మవుగా" అని, స్నేహితురాలి వైపు తిరిగింది. "చెప్పేశావా?"

"చెప్పా. వీడేమన్నా మేనేజరా" అంటూ గుంటూరు ఆంటీ లోపలికి నడిచింది. నేను తప్పయిందన్నాను. ఏలూరు ఆంటీ ముందు అన్నం పెట్టింది, తర్వాత చరిత్ర చెప్పింది. "మొదలుపెట్టింది ఇద్దరమని రాయి నాయనా. ఒకరు పాడారు, ఒకరు రాలేకపోయారు. ఎందుకు రాలేదో రాయకు." కారణం లేకపోతే అసంపూర్ణం అనబోయి, జీవితంలో మొదటిసారి ఆగాను.

మరుసటి ఆదివారం ఆమె వచ్చి పాట ఎత్తుకుంది. (గుంటూరు ఆంటీ ఇప్పుడు రిటైరయింది, ఆమెను అడిగే ఆ కారణం ఇక్కడ రాస్తున్నాను.) పుస్తకం పంచిన రోజు, ఇద్దరు మొదలుపెట్టారన్న వాక్యానికి ఎవరైనా ఆధారం అడుగుతారేమోనని, జవాబు సిద్ధం చేసుకుని గుమ్మం దగ్గర చాలాసేపు నిలబడ్డాను. ఒక్కరూ అడగలేదు. పులిహోర ఇంకా ఉందా అని మాత్రం ముగ్గురు అడిగారు. అక్కడలా బిగుసుకుని నిలబడ్డ ఆ కుర్రాడు ఇప్పుడు ఎదురైతే, పాపం, ముందు కూర్చుని తినమని చెప్పాలనిపిస్తుంది.